ఫిర్యాదు లేని గీజరు

ఆఫీసులో అందరూ అతన్ని అంతేగారు అంటారు. కన్నవాళ్ళు పెట్టిన పేరు కాదిది, చేజేతులా సంపాదించుకున్నది. ఇళ్ళలో వాడే కరెంటు సామాన్లన్నీ బాగుచేసే సర్వీస్ సెంటర్లో ఫిర్యాదుల కౌంటరు వెనక కూర్చుంటాడు. ఫ్రిజ్జు చల్లబడటం లేదనో, బట్టలుతికే మిషన్ గంతులేస్తోందనో ఎవరైనా వచ్చి కంపెనీ పేరు చెప్పీ చెప్పకముందే, తలైనా ఎత్తకుండా "అదీ అంతే" అంటాడు. పోనీ మంచి కంపెనీ ఏదో మీరే చెప్పండి సార్ అని వచ్చినవాడు బతిమాలితే, పేర్లన్నీ వాడి నోటే చెప్పించి, ఒక్కోదాన్నీ అదీ అంతే, అదీ అంతే అని కొట్టిపారేస్తాడు. చివరికి "మీరు కూడా సరిగ్గా వాడి ఉండరు" అని వాడికో చురక అంటించి పంపేస్తాడు. దాన్ని అతను అనుభవం అనుకుంటాడు.

బాగా నడుస్తున్న ఫ్రిజ్జును మోసుకొచ్చి, ఇదిగో బ్రహ్మాండంగా ఉందండీ అని చెప్పడానికి ఎవరూ ఆ కౌంటరు ముందు నిలబడరు. అక్కడికి వచ్చేవన్నీ చెడిపోయినవే. చంటిపిల్లకైనా తట్టే ఈ సంగతి ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఒక్కసారీ అతని బుర్రకి తట్టలేదు. లోకంలో ఉన్న వస్తువులన్నీ చెత్తేననీ, ఆ రహస్యం కనిపెట్టిన తెలివైనవాడు తనొక్కడేననీ అతని నమ్మకం. కుర్చీ దిగి ఇంటికి వచ్చినా ఆ నమ్మకం దిగదు. భార్య దిండు గలేబు కొన్నా వెనక్కి తిప్పి కుట్టు చూసి పెదవి విరుస్తాడు. టీ తాగి బాగుందన్న పాపాన పోలేదు. మాట్లాడకుండా తాగాడంటే బాగుందని ఆవిడే అర్థం చేసుకోవాలి. కోడిగుడ్డుకి ఈకలు పీకే మనుషుల్ని చాలామందినే చూస్తాం గానీ, పీకిన ఈకల్ని జాగ్రత్తగా దాచుకునేవాడు ఇతనొక్కడే.

ఆ ఇంట్లో మూడో మనిషి అతని అక్క. బజారు వీధిలో కోట్లు కుట్టే షాపులో గుడ్డ కత్తిరించే పని ఆమెది. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగినవాళ్ళకి మెడలో వేలాడే టేపు చూపించి, "నా కొలతకి ఎవడూ సరిపోలేదు" అని నవ్వేసేది. అమ్మానాన్నలు ముందే పోవడంతో తమ్ముడి చదువు, ఉద్యోగం, చివరికి అతని పెళ్ళి కోటు కూడా ఆమె కత్తెర చలవే. ఆ కోటు చేతులు అరంగుళం పొడుగయ్యాయని అతను ఇప్పటికీ అంటాడు.

కొన్నేళ్ళుగా ఆమె వేళ్ళ కీళ్ళు పొద్దున్నే బిగుసుకుపోతున్నాయి. లేచాక పిడికిలి తెరుచుకోదు. బాత్రూంలో వేడినీళ్ళ కుళాయి తిప్పి, ధార కింద రెండు చేతులూ పెట్టి, ఒక్కో వేలూ వంచుతూ చాపుతూ నిలబడితే, కాసేపటికి కత్తెర పట్టేంతగా సాగుతాయి. మందులు సరే, అసలు వైద్యం ఇదేనని డాక్టరు కూడా చెప్పాడు. వేడినీళ్ళుంటేనే చేతిలో కత్తెర నిలుస్తుంది. కత్తెర నిలిస్తేనే షాపులో కటింగ్ బల్ల దగ్గర ఆమె చోటు నిలుస్తుంది. ఆ ఇంట్లో ముగ్గురికీ ఈ సంగతి తెలుసు.

అలాంటి ఇంట్లో చలి ముదురుతున్న రోజుల్లో ఒక పొద్దున గీజరు పోయింది. ముందు కుళాయిలోంచి తుప్పు నీళ్ళు వచ్చాయి, తరవాత గీజరు అడుగునుంచి గోడ వెంబడి కారడం మొదలైంది. అంతేగారు స్టూలెక్కి, టార్చి వేసి, అటూ ఇటూ తట్టి చూశాడు. "లోపల ట్యాంకు తుప్పు తినేసింది. ఇంక దీనికి మందు లేదు" అన్నాడు. పందెం గెలిచినవాడి మొహం పెట్టి మరీ అన్నాడు. ఈ కంపెనీ ఇంతేనని తను ఎప్పుడో చెప్పానన్నాడు. అది కొన్నది అతనే.

"సాయంత్రం వచ్చేటప్పుడు కొత్తది చూసి వద్దామా?" అంది భార్య.

"చూద్దాం. ఏది?" అన్నాడు అతను స్టూలు దిగుతూ.

ఆ 'ఏది' అనేదానికి ఆ ఇంట్లో వారాలు గడిచినా జవాబు దొరకలేదు. భార్య షాపుల్లోంచి రంగు రంగుల కాగితాలు తెచ్చి అతని ముందు పరిచేది. ఒక్కోదాని మీదా వేలు పెట్టి అతను తీర్పు చెప్పేవాడు. అల గుర్తు వాళ్ళది ఉప్పునీళ్ళకి ఆగదు, లోపల సున్నం గడ్డకట్టి చస్తుంది. ఎర్ర మూత వాళ్ళది నీళ్ళు కాగాక కరెంటు ఆపే మీట నమ్మకం లేదు, ఎప్పుడో మనల్నే ఉడకబెడుతుంది. స్విచ్చి వేయగానే వేడినీళ్ళిచ్చే చిన్న గీజరు కుళాయి సన్నగా తిప్పితేనే వేడి, పెద్దగా తిప్పితే గోరువెచ్చన. గ్యాసుతో నడిచేది పెడితే కిటికీ చాలదు, ఊపిరాడక పోతాం. ఎండతో నీళ్ళు కాచేది పెడదామంటే డాబా పైవాళ్ళది, వాళ్ళ మొహం చూడాలంటేనే అతనికి చిరాకు. ఇంతకీ ఇంట్లో మాత్రం నీళ్ళు కాగడం లేదు.

"ఏదో ఒకటి తెచ్చెయ్యరా. నీళ్ళు వెచ్చబడితే చాలు నాకు" అంది అక్క ఒకరోజు, అరచేతులు రెండూ చంకల్లో దాచుకుని.

"ఏదో ఒకటా? ఏదో ఒకటి చాలనుకునే మనుషుల వల్లేనక్కా మా కౌంటరు ముందు అంత క్యూ ఉంటోంది."

"క్యూలో నిలబడేవాళ్ళు నిన్నటిదాకా వేడినీళ్ళు పోసుకున్నవాళ్ళే కదరా" అందామె.

అతను విననట్టే టీవీ వైపు తిరిగాడు. అతనికేం, ఏడాది పొడుగునా చన్నీళ్ళ స్నానమే. చన్నీళ్ళు పోసుకునేవాళ్ళలో మంచివాళ్ళుంటారు, చెడ్డవాళ్ళుంటారు. ఆ సంగతి పదిమందికీ చెప్పుకు తిరిగేవాళ్ళు మాత్రం భరించలేని మనుషులు. అతను రోజూ తుండు భుజాన వేసుకుని బాత్రూంలోంచి వస్తూ, "ఒంటికి ఎంత హాయి, మీకు తెలీదుగానీ" అనకుండా ఉండడు. వణుకుతున్న అక్క ముందు కూడా అనేవాడు. సిగ్గులేకపోవడంలో కూడా ఎంత నిలకడ ఉంటుందో తెలియాలంటే ఇలాంటివాళ్ళనే చూడాలి.

భార్య పొయ్యి మీద పెద్ద గిన్నెతో నీళ్ళు పెట్టేది. ఆమె ఒక స్కూల్లో గుమస్తా. అందరికంటే ముందు వెళ్ళి గదులు తెరిపించాలి. ఉన్న రెండు పొయ్యిల మీదే వంట, నీళ్ళు, టీ అన్నీ అయ్యేవి. గిన్నెను బాత్రూందాకా మోసి బేసిన్లో పోస్తే, అక్క చేతులు ముంచిన కాసేపటికే నీళ్ళు చల్లారిపోయేవి. రెండోసారి పెట్టే టైము ఉండేది కాదు. బొటనవేలూ చూపుడువేలూ మాత్రం కాస్త సాగేవి. మిగతా వేళ్ళను దారిలో రుద్దుకుంటూ అక్క షాపుకి వెళ్ళేది.

"వదినా, నేనే వెళ్ళి ఒకటి కొనుక్కొస్తాను" అంది భార్య ఒకసారి వంటింట్లో గొంతు తగ్గించి.

"వద్దమ్మాయ్. తెస్తే వాడు బిగించనివ్వడు. బిగిస్తే రోజూ దాని గురించి మనం వినాలి. ఏదో ఒకటి తేలుస్తాడులే" అంది అక్క. తమ్ముడి మీద ఆవిడకి అప్పటికింకా గంపెడాశ ఉంది.

చివరికి తేల్చాడు. ఎలాగంటే, ఒకరోజు చెడిపోయిన మిక్సీ పట్టుకుని ఒకాయన కౌంటరు దగ్గరికి వచ్చాడు. తిట్టాల్సిందంతా తిట్టేసి, పోతూ పోతూ, "మా అత్తగారింట్లో ఒక గీజరుంది చూశారూ, కొన్నప్పట్నించీ ఒక్కరోజు మొరాయించలేదు" అని దాని కంపెనీ పేరు చెప్పాడు. అంతేగారు అలవాటు కొద్దీ అదీ అంతే అనబోయి, నోరు తెరిచి ఆగిపోయాడు. ఆ పేరు అతనెప్పుడూ వినలేదు. కౌంటరు వెనకనుంచి లేచి, మిక్సీ ఆయన వెంట వీధిలోకి పరిగెత్తి, ఆ పేరు మళ్ళీ చెప్పించుకున్నాడు. కస్టమరు కోసం అతను కుర్చీలోంచి లేవడం ఆ సెంటర్లో ఎవరూ ఎరగరు.

లోపలికొచ్చి గీజర్లు విప్పే మెకానిక్కుని పట్టుకున్నాడు. "ఈ కంపెనీది ఎప్పుడైనా నీ చేతికి వచ్చిందా?"

"లేదండీ. అసలు దాని మొహమే చూడలేదు" అన్నాడు మెకానిక్కు.

అంతే, అతని కళ్ళు మెరిశాయి. ఒక్క ఫిర్యాదైనా లేని గీజరు దొరికింది. ఆ సాయంత్రం ఇంటికి వచ్చి చెప్పిన తీరు చూస్తే, దాన్ని తనే తయారుచేశాడేమో అనిపించేది. భార్య అంతా విని, ఒక్కటే మాట అడిగింది. "చెడిపోయినట్టు ఎవరూ రాలేదంటే, ఇక్కడ కొన్నవాళ్ళే లేరేమోనండీ?"

అతను ఆమె వైపు చూసిన చూపు రోజూ కౌంటరు ముందు నిలబడేవాళ్ళు మాత్రమే ఎరిగిన చూపు. ఆమె మళ్ళీ కూరగాయలు తరగడంలో పడింది.

కొన్నవాళ్ళు లేరు సరే, అమ్మేవాళ్ళు కూడా ఆ ఊళ్ళో లేరు. దూరంగా ఇంకో ఊళ్ళో ఒకే ఒక్క దుకాణముంది. అక్కడా సరుకు లేదు, తెప్పించాలి. అంతేగారికి ఇదీ ఒక మెచ్చుకోలుగానే కనిపించింది. మంచి వస్తువు అడగ్గానే దొరుకుతుందా అన్నాడు. ఫోన్లు చేశాడు, దుకాణంవాడి మాటల్ని ఇంట్లో మళ్ళీ మళ్ళీ అప్పచెప్పాడు. బయల్దేరిందన్నాడు, దారిలో ఉందన్నాడు, గోడౌన్లో ఆగిందన్నాడు. "ఇన్నాళ్ళు ఆగాం, ఇంకొన్నాళ్ళు ఆగలేమా?" అన్నాడు. ఆగుతున్నది ఎవరో, ఎవరి చేతులో, ఆ మాట అంటున్నప్పుడు అతనికి గుర్తులేదు. గుర్తుండి అన్నాడంటే ఇంకా అసహ్యం.

ఒక సాయంత్రం అక్క ఎప్పటికంటే ముందే ఇంటికి వచ్చింది. చెప్పులు విప్పి, పైకోటు విప్పకుండానే కుర్చీలో కూర్చుంది. మెడలో టేపు లేదు. భార్య టీ గ్లాసు తెచ్చి చేతికివ్వబోయి, ఆమె వేళ్ళు చూసి బల్ల మీద పెట్టింది.

"ఇవాళ ఒకాయన కోటు గుడ్డ పాడుచేశాను" అంది అక్క. "కాలరు దగ్గర కత్తెర మధ్యలో ఆగిపోయింది. వేలు తెరుచుకోలేదు. గట్టిగా లాగితే గీత దాటి లోపలికి తెగింది. ఆ గుడ్డ ఇంకోటి దొరకదు, ఎక్కడినుంచో తెచ్చుకున్నాడట."

"యజమానురాలు ఏమంది వదినా?"

"తిట్టలేదమ్మాయ్. తిడితే బాగుండేది. రేపట్నించి ఇస్త్రీ దగ్గర నిలబడమంది. పై వారానికీ నా చేతులు ఇలాగే ఉంటే, కత్తెర ఇంకొకరికి ఇచ్చేస్తానంది. ఇన్నేళ్ళ పరిచయం మీద అంతకంటే ఏమంటుంది?"

ఆమె జన్మంతా గుడ్డ మీద సుద్దతో గీతలు గీసి, గీత మీద వెంట్రుక వాసి తేడా రాకుండా కత్తిరించిన మనిషి. ఆ బల్ల దగ్గర ఉన్నంతసేపే ఆవిడకి తనంటే గౌరవం. ఆ రోజు మొదటిసారి ఆమె తమ్ముడి వైపు సాయం కోసం చూసింది. ఏం మాట్లాడతాడా అని భార్య కూడా చూసింది.

అంతేగారు గడ్డం గోక్కున్నాడు. విషయాన్ని అన్నివైపులనుంచీ పరిశీలిస్తున్నట్టు కాసేపు ఆలోచించి, అడిగాడు.

"ఆ కత్తెర ఏ కంపెనీది?"

అక్క అతని మొహంలోకి అలా చూస్తూ ఉండిపోయింది. అందులో కోపం లేదు. కొన్నేళ్ళుగా వాడుతున్న గుడ్డని వెలుగులో పట్టుకుని, ఇది ఇంక దేనికీ పనికిరాదని తెలుసుకున్న చూపు అది. తరవాత లేచి తన గదిలోకి వెళ్ళింది. అతను మాత్రం కత్తెరల్లో కూడా ఈమధ్య నాసిరకం ఎలా వస్తోందో భార్యకి చెప్పడం మొదలుపెట్టాడు. ఆమె వినకుండానే లోపలికి వెళ్ళిపోయింది.

రెండు రోజులకి సెలవు వచ్చింది. అతను లేచేసరికి వాకిట్లో రెండు సూట్‌కేసులున్నాయి. ఒకటి అక్క పట్టుకుంది, ఇంకోటి అతని భార్య పట్టుకుంది.

"ఎక్కడికి?"

"షాపు వెనక సందులో ఒక గది ఖాళీగా ఉంటే తీసుకున్నాను" అంది అక్క.

"అదేంటక్కా, గీజరు దారిలో ఉంది కదా. ఇవాళో రేపో వచ్చేస్తుంటే ఇప్పుడు పోతానంటావేంటి?"

"వస్తే నువ్వు పోసుకోరా, తమ్ముడూ."

"నేను చన్నీళ్ళే కదా పోసుకునేది" అన్నాడు అతను.

అక్కకి నవ్వొచ్చింది. భార్యకి రాలేదు. ఇద్దరూ మెట్లు దిగి వెళ్ళిపోయారు. ఒక సూట్‌కేసు తను అందుకోవాలని అతనికి తోచలేదు. దాని చక్రాలు చప్పుడు చేస్తున్నాయనీ, ఆ కంపెనీవి ఎప్పుడూ అంతేననీ మాత్రం తోచింది.

వదినగారిని గదిలో దింపి భార్య సాయంత్రానికి తిరిగొచ్చింది. ఆ తరవాత రోజూ పొద్దున్నే ఆమె తుండు, సబ్బు ఒక సంచిలో పెట్టుకుని ఇంట్లోంచి ముందుగా బయల్దేరడం మొదలుపెట్టింది. వదినగారి గదిలో స్నానం చేసి అక్కడినుంచే స్కూలుకి పోయేది. ఎవరి గీజరు, ఎప్పుడు కొన్నారు, ఎవరు బిగించారు అని అతను ఆరా తీస్తే, "నాకేం తెలుసండీ, కుళాయి తిప్పితే వేడినీళ్ళు వస్తాయి" అనేది. కంపెనీ పేరు చూడకుండా ఒక మనిషి రోజూ స్నానం ఎలా చేయగలదో అతనికి అంతుపట్టలేదు.

చివరికి ఫిర్యాదు లేని గీజరు వచ్చింది. నిజం చెప్పాలంటే చాలా మంచి గీజరు. అతనే దగ్గరుండి బిగించాడు. గోడకి తిన్నగా నిలబడింది, చుక్క కారలేదు, స్విచ్చి వేసిన కాసేపటికే నీళ్ళు పొగలు కక్కాయి. టార్చి వేసి కిందా పైనా వెతికాడు. లోపం దొరకలేదు. జీవితంలో మొదటిసారి ఒక వస్తువు ముందు అదీ అంతే అనలేక నిలబడ్డాడు. ఎవరికైనా చూపిద్దామని వెనక్కి తిరిగితే ఇంట్లో ఎవరూ లేరు.

సాయంత్రం భార్య రాగానే చెయ్యి పట్టుకుని బాత్రూంలోకి తీసుకెళ్ళి చూపించాడు. "బాగుందండీ" అందామె. మర్నాడు పొద్దున్న మళ్ళీ సంచీ తీసుకుని బయల్దేరింది.

"ఇంట్లో వేడినీళ్ళున్నాయి కదా, ఇంకా అక్కడికెందుకు?"

"అలవాటైపోయిందండీ. అక్కడైతే నీళ్ళతో పాటు నాలుగు మంచిమాటలు కూడా దొరుకుతాయి" అని ఆమె తలుపు వేసుకుని వెళ్ళింది.

ఆ మాట అతనికి గుచ్చుకుందో లేదో చెప్పలేం. అక్కని వెనక్కి తీసుకొస్తే అన్నీ సర్దుకుంటాయని మాత్రం అనుకున్నాడు. తను చెప్పిందే నిజమైంది కాబట్టి ఆమె ఒప్పుకోక తప్పదనీ అనుకున్నాడు. పై సెలవు రోజు పొద్దున్నే షాపు వెనక సందులోకి వెళ్ళాడు. మెట్లెక్కి చూస్తే గది తలుపు తీసే ఉంది. ఒక మంచం, కిటికీ పక్కన పొడవాటి బల్ల, బల్ల మీద సుద్ద గీతలతో ముదురు బూడిదరంగు గుడ్డ. అక్క మూలనున్న సింకు దగ్గర నిలబడి కుళాయి కింద చేతులు పెట్టుకుంది. మెడలో టేపుంది.

"రారా. కూర్చో" అంది.

అతను కూర్చోలేదు. అతని కళ్ళు ముందు సింకు పైకి వెళ్ళాయి. గోడకి చిన్న తెల్లటి గీజరు. దాని మీది పేరు చూసి పెదవి విరిచాడు. రోజూ అతను మొదట రాసుకునే ఫిర్యాదు ఆ కంపెనీదే. ఇలాంటిదాన్ని తన సొంత అక్క గోడకి తగిలించుకుందంటే అతనికి తలకొట్టేసినట్టయింది.

"ఇది ఎవరు కొనమన్నారక్కా నీకు?"

"ఎవరూ అనలేదు. షాపులోకి వెళ్ళాను, గుమ్మం దగ్గర ఇదే ఉంది. సాయంత్రానికి బిగించి వెళ్ళారు."

"నన్నొక్క మాట అడగొద్దూ? మన ఇంట్లో పెట్టింది చూడు, దాని మీద ఇంతవరకూ ఒక్క ఫిర్యాదు లేదు. నువ్వు వచ్చేయ్, వచ్చి చూస్తే నీకే తెలుస్తుంది. ఇదైతే రెండేళ్ళలో పోతుంది. రాసిపెట్టుకో."

అక్క కుళాయి కట్టేసింది. నీళ్ళ వేడికి ఎర్రబడిన వేళ్ళని తుండుతో ఒక్కొక్కటీ తుడుచుకుంది. పిడికిలి మూసి తెరిచింది. అన్ని వేళ్ళూ తెరుచుకున్నాయి.

"పోతే మర్నాడే ఇంకోటి కొంటాను" అంది.

అతను దానికేదో జవాబు చెప్పబోయాడు. కౌంటరు ముందు నిలబడ్డవాళ్ళందరికీ చెప్పే మాటల్లో ఒక్కటీ దీనికి సరిపోలేదు. అక్క బల్ల దగ్గరికి వెళ్ళి, గుడ్డ అంచు సరిచేసి, కత్తెర తీసుకుంది. కాలరు గీత మీద కత్తెర ఆగకుండా సాగుతున్న చప్పుడు వినిపించింది. ఆ చప్పుడు వింటూనే అతను చదువుకుని పెద్దవాడయ్యాడు.

"ఇంకేమైనా చెప్పాలా నువ్వు?" అంది అక్క, గీత మీదినుంచి కళ్ళెత్తకుండా.

"లేదు" అన్నాడు.

"సరే. యజమానురాలు ఇది రేపటికి కావాలంది, నాకు పనుంది. వెళ్ళేటప్పుడు తలుపు దగ్గరికి వేసి వెళ్ళు, చలిగాలి వస్తోంది."